రేసు గుర్రం తోక వెంట్రుకలతో గుర్తుగా ఏం చేయించుకోవచ్చు?

హిందూపురం_పిల్లోడు:
మా పెద్దనాన్న బెంగళూరు రేసు కోర్సు లాయంలో చాలా ఏళ్లు సైసుగా, అంటే గుర్రాలను చూసుకునేవాడిగా పనిచేశాడు. ఆయన చూసుకున్న గుర్రాల్లో ఒకటి డెర్బీ అనే పెద్ద రేసు గెలిచింది, ఆ కాలంలో రేసులు చూసినవాళ్లందరికీ తెలిసిన గుర్రమే, ఓనర్లు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు ఇక్కడ రాయను. అది చనిపోయినప్పుడు తోక నుంచి ఒక కుచ్చు కత్తిరించి ఈయన చేతిలో పెట్టారంట. ఆయన పోయాక పెట్టె తీస్తే గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. పెద్దమ్మ ఇంట్లో అందరికీ కనబడేలా ఏదైనా చేయించమంటోంది. అమెరికాలో గుర్రం వెంట్రుకలతో కంకణాలు, కుండలు చేసిస్తారని విన్నాను. మన అనంతపురం వైపు అలాంటిది చేయించడం అయ్యే పనేనా? వెంట్రుకలు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

కేసీ_కెనాల్:
కుండల పని నేను నేర్చుకున్నాను, అందుకే చెప్తున్నా. ఒకసారి కాల్చిన కుండను మళ్లీ సుమారు 700 డిగ్రీల దాకా వేడి చేసి, పట్టకారుతో బయటికి తీసి, ఆ వేడి మీదే ఒక్కో వెంట్రుకా ఆనిస్తారు. తగిలిన క్షణంలోనే అది ముడుచుకుని కాలిపోయి, దాని కార్బన్ కుండ ఒంటికి పట్టుకుని నల్లటి గీత మిగులుతుంది, పక్కన పొగ నీడలా లేతగా పరుచుకుంటుంది. తోక వెంట్రుక మందం కాబట్టి గీత గట్టిగా వస్తుంది, జూలుది సన్నగా వస్తుంది. గ్లేజు, అంటే గాజులాంటి పూత వేయరు కాబట్టి అందులో నీళ్లు పోయకూడదు, మైనం రుద్ది అలమారాలో పెట్టుకోవాలి. చూడ్డానికి చాలా బాగుంటుంది. మామూలు కుమ్మరి ఆవంలో అన్నీ కలిపి పేర్చి కాలుస్తారు, మధ్యలో ఒక్క కుండ తీయడం కుదరదు, చిన్న గ్యాస్ బట్టీ ఉన్నవాళ్లను వెతకాలి. కర్నూలు వస్తే నేను చూపిస్తా.

గండికోట_గాలి:
అన్నా, దయచేసి మొత్తం కాల్చొద్దు. కుండ మీద గీత మిగులుతుంది గానీ వెంట్రుక మిగలదు కదా.

ఫార్ లాప్ సంగతి చూడండి. న్యూజిలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో 1930 మెల్‌బోర్న్ కప్ గెలిచిన గుర్రం. 1932లో మెక్సికోలో పెద్ద రేసు గెలిచిన కొద్ది రోజులకే కాలిఫోర్నియాలో ఉన్నట్టుండి చనిపోయింది. దాని చర్మం మెల్‌బోర్న్ మ్యూజియంలో, గుండె కాన్‌బెర్రాలో, ఎముకలు వెల్లింగ్టన్‌లో ఉన్నాయి, గుండె ఒక్కటే 6.2 కిలోలు. విషం పెట్టారా లేదా అని డెబ్బై ఏళ్లకు పైగా వాదించుకున్నారు. చివరికి ఆ జూలులోంచి 6 వెంట్రుకలు తీసి ఎక్స్‌రేలతో పరీక్షించారు. చర్మం పాడవకుండా పూసిన మందులో కూడా ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది, అయినా పైనుంచి అంటింది ఏదో, రక్తం ద్వారా వెంట్రుకలోకి చేరింది ఏదో వేరు చేయగలిగారు. చావుకు 30 నుంచి 40 గంటల ముందు ఎక్కువ మోతాదులో ఆర్సెనిక్ ఒంట్లోకి వెళ్లిందని 2008లో ప్రకటించారు. ఎవరిచ్చారన్నది మాత్రం తేలలేదు. ఆ జూలును ముక్కలు చేసి కంకణాలకు పంచేసి ఉంటే ఇది బయటపడేదా?

ఇంగ్లండ్‌లో ఎక్లిప్స్ అనే రేసు గుర్రం గిట్టతో సిరా బుడ్డి, నెపోలియన్ గుర్రం మరెంగో గిట్టతో నశ్యం డబ్బీ చేశారు. ఆ రెండు గుర్రాల అస్థిపంజరాలూ మ్యూజియాల్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మీ దగ్గర ఉన్నది ఒక్క కుచ్చే. ఒక పిడికెడు అలాగే వదిలేసి, గుర్రం పేరు, సంవత్సరం, పెద్దనాన్నకు ఎవరిచ్చారో పెద్దమ్మ చెప్తుండగా కాగితం మీద రాసి దానితోనే పెట్టండి. కత్తిరించిన వెంట్రుకకు కుదురు ఉండదు, రేపు ఎవరైనా ఇది ఆ గుర్రందేనా అని అడిగితే డీఎన్‌ఏతో తేల్చడం చాలా కష్టం, ఆ కాగితమే సాక్ష్యం.

హిందూపురం_పిల్లోడు:
కాగితం సంగతి నాకు తట్టలేదు, ఈ ఆదివారమే పెద్దమ్మతో కూర్చుంటా. ఆమెకు రేసుల తేదీలు కూడా గుర్తున్నాయి. కాల్చడం అనగానే వద్దంది. కంకణం వేసుకునేవాళ్లు ఇంట్లో లేరు. ఇంకేదైనా ఉందా?

ధర్మవరం_మగ్గం:
నేయించు తమ్ముడూ. గుర్రపు వెంట్రుకల బట్ట కొత్తదేం కాదు, ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ వైపు 1837లో మొదలైన ఒక మిల్లు ఇప్పటికీ నేస్తోంది. పడుగు (నిలువు దారం) పత్తి గానీ పట్టు గానీ, పేక (అడ్డ దారం) మాత్రం తోక వెంట్రుక. వెంట్రుకకు ముడి వేసి పొడవు పెంచరు, అందుకే బట్ట పన్నా, అంటే వెడల్పు, తోక పొడవును మించదు. కుర్చీలకు వేస్తారు, ఏళ్ల తరబడి మెరుపు పోదు.

మన మగ్గం మీద పట్టు పడుగు వేసి, ఒక్కో వెంట్రుకా చేత్తో అందిస్తూ జానెడు పన్నాలో చిన్న పట్టీ నేయొచ్చు. నాడెలో (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే సాధనం) దారం చుట్టిన కండె పెట్టి లాగడం కుదరదు కాబట్టి పని నిదానంగా సాగుతుంది, కానీ వెంట్రుక వెంట్రుకలాగే ఉంటుంది. అంచు ఎర్రగా వేస్తే ముదురు రంగు బాగా కనబడుతుంది. పెద్దనాన్న ఫొటో కింద అద్దం ఫ్రేములో బిగించుకోండి.

ముందు కొంచెం షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టు, తడి ఉండగా ప్లాస్టిక్ కవరులో పెట్టొద్దు. పురుగు పట్టకుండా చూసుకో. కుదుళ్ల వైపు, కొసల వైపు కలిసిపోకుండా దారంతో కట్టి, అన్నిటికంటే పొట్టి వెంట్రుక ఎన్ని అంగుళాలుందో కొలిచి ఇక్కడ రాయి, పన్నా దాన్ని బట్టే పెట్టాలి.