మోడర్న్ టాకింగ్: ఆ సన్నగొంతు ఎవరిది? అంత తొందరగా ఎందుకు విడిపోయారు?

పాటల_పిచ్చి:
ఈమధ్య 80ల నాటి జర్మన్ పాప్ జంట మోడర్న్ టాకింగ్ పాత వీడియోలు వరసపెట్టి చూస్తున్నా. ఉన్నది డీటర్ బోలెన్, థామస్ ఆండర్స్ ఇద్దరే కదా, మరి పల్లవిలో వచ్చే ఆ సన్నగొంతు ఎవరిది? బోలెన్ గిటార్ పట్టుకుని పెదాలు కదుపుతుంటాడు గానీ, అతను మాట్లాడే గొంతు విన్నాక అస్సలు నమ్మబుద్ధి కావట్లేదు. ఇంకోటి, వరసగా హిట్లు పడుతుంటే 1987లోనే ఎందుకు విడిపోయారు?

సింథ్_బాబు:
మీ అనుమానం కరెక్టే. ఆ కోరస్ చాలావరకు స్టూడియో గాయకులది: రోల్ఫ్ కోలర్, మిఖాయెల్ షోల్జ్, డెట్లెఫ్ వీడెకె. ప్రధాన గొంతు ఆండర్స్‌ది, రాయడం, ట్యూన్ కట్టడం బోలెన్ పని, ప్రొడక్షన్‌లో పక్కన లూయీస్ రోడ్రిగెజ్ ఉండేవాడు. 2003 తర్వాత ఈ ముగ్గురూ సిస్టమ్స్ ఇన్ బ్లూ అని సొంత గ్రూపు పెట్టారు. వాళ్ల పాట ఒక్కటి వినండి, పల్లవి ఎత్తుకోగానే మీకే తెలిసిపోతుంది. కవర్ మీద ఫొటో మాత్రం ఇద్దరిదే, పాపం.

పాత_రికార్డు:
విడిపోవడం గురించి అడిగితే అందరూ నోరా పేరే చెప్తారు. ఆండర్స్ అప్పటి భార్య, ఆ పేరే పెద్ద అక్షరాలతో గొలుసు చేయించుకుని టీవీలో మెళ్లో వేసుకుని కనిపించేవాడు. ఆమె జోక్యం వల్లే చెడిందని బోలెన్ చెప్పుకుంటూ వచ్చాడు. నాకది సగం కథే అనిపిస్తుంది. జర్మన్ చార్ట్ చూడండి: మొదటి 5 సింగిల్స్ (విడిగా వదిలిన పాటలు) వరసగా నంబర్ వన్, ఆరోది 'జెరోనిమోస్ కాడిలాక్' 3 దగ్గర ఆగింది, ఆ తర్వాతది టాప్ 20లోకి కూడా రాలేదు. 1985 నుంచి 1987 లోపు 6 ఆల్బమ్‌లు, అన్నిట్లో అదే బీట్, అదే సన్నగొంతు, జనం మాత్రం ఎన్నాళ్లని వింటారు? పైగా చివరి ఆల్బమ్ వచ్చిన 1987లోనే బోలెన్ బ్లూ సిస్టమ్ పేరుతో తనే పాడటం మొదలుపెట్టేశాడు. అంటే ఇక్కడ దుకాణం మూయకముందే పక్కన ఇంకోటి తెరిచాడన్నమాట.

సింథ్_బాబు:
@పాత_రికార్డు మరీ అంత తీసిపారేయకండి బాస్. అదే బీట్‌తో 1998లో మళ్లీ వచ్చి, పాత పాటల్నే కొత్తగా కొట్టి 'బ్యాక్ ఫర్ గుడ్' అని ఆల్బమ్ వదిలితే జర్మనీలో నంబర్ వన్ అయింది కదా!

పాత_రికార్డు:
అయింది, కాదనను. కానీ రెండోసారి కూడా 6 ఆల్బమ్‌లే, 2003 జూన్‌లో బెర్లిన్‌లో చివరి కచేరీ, మళ్లీ గొడవ. ఆ ఏడాదే బోలెన్ రాసిన పుస్తకంలో తన గురించి ఉన్నదాని మీద ఆండర్స్ కోర్టుకెక్కాడు. అప్పటికే బోలెన్ టీవీలో పాటల పోటీకి జడ్జిగా కూర్చుని పోటీదారులని నోటికొచ్చినట్టు తిడుతూ ఇంకా పాపులర్ అయ్యాడు, ఇక అతనికి ఈ జంట అవసరం ఏముంది?

పాటల_పిచ్చి:
థాంక్స్ ఇద్దరికీ. వాళ్ల 'బ్రదర్ లూయీ' పాట ఇప్పుడే మళ్లీ పెట్టా, అందులో లూయీ ఆ ప్రొడ్యూసర్ లూయీస్ రోడ్రిగెజేనా?

సింథ్_బాబు:
ఆయన పేరే వాడుకున్నారని అంటుంటారు. హెడ్‌ఫోన్స్‌లో విని కోరస్‌లో ఎన్ని గొంతులు దొరికాయో చెప్పండి.