అప్‌డేట్: 30 పౌండ్ల ఫ్రీ బెట్‌లో చేతికొచ్చింది ఎంత?

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాను. 10 పౌండ్లు కాస్తే 30 పౌండ్ల ఫ్రీ బెట్ అన్న బుక్‌మేకర్ (పందేలు తీసుకునే కంపెనీ) ఆఫర్‌లో నిజంగా ఎంత మిగులుతుందని అడిగాను కదా. 22 పౌండ్ల చిల్లర మిగిలింది.

ఫ్రీ బెట్ గెలిచినా ఆ 30 తిరిగి రాదు, లాభం మాత్రమే ఇస్తారు. అందుకే లాభం ఎక్కువొచ్చేలా 5.0 ఆడ్స్ (గెలిస్తే పౌండుకి అసలుతో కలిపి 5 పౌండ్లు) ఉన్న జట్టు మీద వేశాను. అదే జట్టు గెలవదని ఎక్స్ఛేంజ్‌లో (జనం ఒకరితో ఒకరు పందెం కాసే సైట్) 5.2 దగ్గర 23.17 పౌండ్లకి లే బెట్, అంటే ఎదురు పందెం, పెట్టాను. 2 శాతం కమిషన్ పోగా, ఎవరు గెలిచినా 22.70 వరకు వస్తుంది. మొదటి 10 పౌండ్ల బెట్‌ని ఇలాగే కవర్ చేస్తే అర పౌండు దాకా పోయింది. అసలు టెన్షన్ ఏంటంటే, ఆ జట్టు గెలిస్తే నేను కట్టాల్సిన 97 పౌండ్లు మ్యాచ్ అయ్యేదాకా ఎక్స్ఛేంజ్‌లో ఇరుక్కుపోతాయి. ఈలోపు అద్దె కట్టాల్సొస్తే అంతే సంగతులు!

ఇక్కడ గెలుపు మీద పన్ను లేదు. కానీ ఆ తర్వాత ఇంకో కంపెనీ నా ఖాతాకి ప్రమోషన్లు ఆపేసింది, కారణం కూడా చెప్పలేదు.

హైదరాబాద్ నుంచి అడిగిన తమ్ముళ్లూ, అక్కడ వద్దు. ఆన్‌లైన్ బెట్టింగ్‌ని తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు. 2025 కేంద్ర చట్టంతో దేశమంతా బంద్. టెలిగ్రామ్‌లో వచ్చే బోనస్ లింకుకి యూపీఐలో డబ్బు పంపితే అడిగే దిక్కుండదు.