అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్‌ను తాళ్లతో వేలాడదీసి ఎందుకు దించారు?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అంగారకుడి నేల మీద తిరిగే చక్రాల యంత్రాలు, అంటే రోవర్ల మీద స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. నేను చదివింది కామర్స్, ఒక చోట ఇద్దరం ఆగిపోయాం.

2004లో నాసా రోవర్లు స్పిరిట్, ఆపర్చునిటీ ఎయిర్‌బ్యాగుల మధ్య బంతుల్లా ఎగిరెగిరి దిగాయి. ఒక్కోటి దాదాపు 185 కిలోలు. 2012లో దిగిన క్యూరియాసిటీ 899 కిలోలు, అంత బరువును ఆ బ్యాగులు ఆపలేవు. అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో నూరో వంతు కూడా ఉండదు, పారాచూట్ ఒక్కటే చాలదు. ఇంతవరకు సరే.

కానీ చైనా రోవర్ జురాంగ్ 2021లో కాళ్లున్న ల్యాండర్ (రోవర్‌ను మోసుకుంటూ నేల మీద దిగే యంత్రం) మీద దిగి, ర్యాంపు మీంచి చక్కగా కిందికి వచ్చింది కదా? క్యూరియాసిటీకి అలా ఎందుకు చేయలేదు? రాకెట్ ఇంజన్లు పైనే ఉండి, ఏడు మీటర్ల పైచిలుకు తాళ్లతో బావిలోకి చేద వదిలినట్టు రోవర్‌ను దించడం తలచుకుంటేనే టెన్షన్! కారణం ఇంజన్లు లేపే దుమ్మా, ల్యాండర్ ఒరిగిపోతుందన్న భయమా?

ఇంకోటి. చక్రాలు నేలను తాకాయని పైనున్న యంత్రానికి ఎలా తెలుస్తుంది? సిగ్నల్ భూమికి చేరడానికే దాదాపు 14 నిమిషాలు పట్టింది, ఇక్కడి నుంచి తాళ్లు తెంపమని చెప్పే వీల్లేదు. తాళ్ల మీద బరువు తగ్గడాన్ని బట్టా?

తెలిసినవాళ్లు తేలిక మాటల్లో చెప్పండి. సోమవారం చార్ట్ ఇవ్వాలి.