‘నేనున్నాం’ తప్పు వాక్యమేనా?

అందరికీ నమస్కారం. రెండు మాటల వాక్యం ఒకటి పది రోజులుగా నన్ను వదలడం లేదు. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని మీ ముందు పెడుతున్నాను.

బల్గేరియా రచయిత గియోర్గి గోస్పోదినోవ్ 2011లో ‘ఫిజికా నా తగాతా’ అని ఒక నవల తెచ్చారు. ఏంజెలా రోడెల్ ఇంగ్లీషు అనువాదంలో (‘ది ఫిజిక్స్ ఆఫ్ సారో’) చదివాను. పేరులోని ‘తగా’ అన్న మాటకు శోకం అనో దుఃఖం అనో రాయబుద్ధి కాలేదు. పొద్దువాలే వేళ కారణం చెప్పకుండా వచ్చి గుండెలో కూర్చునేదాన్ని మనం దిగులు అంటాం కదా, అదే ఇది.

ఇందులో కథకుడికి చిన్నతనంలో ఇతరుల జ్ఞాపకాల్లోకి వెళ్ళిపోయే గుణం ఉంటుంది. వాళ్ళ తాతను మూడేళ్ళప్పుడు పిండిమర దగ్గర మరిచిపోయి తల్లి బండిలో వెళ్ళిపోతుంది. ఆ భయం మనవడికి విన్న కథగా తెలియదు, తనకే జరిగినట్టు తెలుస్తుంది. అందుకే నవల మొదట్లోనే 1913లో పుట్టానంటాడు, 1944లో పుట్టానంటాడు, 1968లోనూ పుట్టానంటాడు. తాత, తండ్రి, తాను. ఆ వరసలో పళ్ళ మీద వాలే ఈగ కూడా ఉంది. ఇదంతా కలిపి ఒక్క మాటలో చెప్పడానికి అతను వాడే వాక్యం: ‘అజ్ స్మె’.

‘అజ్’ అంటే నేను. దానికి రావలసిన క్రియ ‘సమ్’. ‘స్మె’ బహువచనం, ‘మేము’కు రావాలి. సంస్కృతం చదువుకున్నవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది: అహమస్మి, వయం స్మః. అజ్, అహం తోబుట్టువులే. స్మె, స్మః కూడా. అంటే ఆయన ‘అహం స్మః’ అన్నాడన్నమాట. పాణిని ‘అస్మదో ద్వయోశ్చ’ అని, ఒక్కడే ఉన్నా ‘వయం’ అనుకోనిచ్చాడు. కానీ అప్పుడు కర్త, క్రియ రెండూ బహువచనంలోకి వెళ్తాయి. అహం పక్కన స్మః నిలబడదు.

మరి తెలుగులో? ‘నేనే మనం’ అంటే వ్యాకరణం చక్కగా ఉంటుంది, కానీ గోడ మీద నినాదంలా ఉంటుంది. ‘నేను మేము’ అంటే చదివేవాణ్ణి గడప బయట నిలబెట్టినట్టు. బల్గేరియన్‌లో మనం, మేము అన్న తేడా లేదు, ‘నియె’ ఒక్కటే. మనం సర్వనామం వాడితే ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. క్రియకు మాత్రం ఆ బాధ లేదు. మేమున్నాం, మనమున్నాం, రెండింటికీ ‘ఉన్నాం’ ఒకటే. అందుకని నా ఓటు ‘నేనున్నాం’కి. కష్టంలో ఉన్నవాడి భుజం మీద చెయ్యి వేసి ‘నేనున్నాను’ అంటాం చూడండి, ఆ మాట తడి కూడా ఇందులోకి వస్తుంది.

వ్యాఖ్య: బాగుందండీ, కానీ అచ్చుతప్పు అనుకుంటారేమో. ప్రూఫు చూసేవారే దిద్దేస్తారు.

జవాబు: ఆ భయం నాకూ ఉందండీ. అయినా మూలంలోనూ అది తప్పే కదా. బల్గేరియా బడిపిల్లాడు అలా రాస్తే పంతులుగారు ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఆ గతుకు తీసేస్తే మిగిలేది అర్థం మాత్రమే. మూడు పుట్టుకలు చదివి వచ్చిన పాఠకుడు ఆ ‘ఉన్నాం’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

వ్యాఖ్య: తాత సంగతులు కాబట్టి ‘పుట్టాడట’, ‘మరిచిపోయారట’ అని చెప్పాలి కదా? వాళ్ళకు మన ‘అట’ లాంటిది ఉందా?

జవాబు: ఉంది! కంటితో చూస్తే ‘దోయ్‌దె’, వచ్చాడు. ఎవరో చెప్పగా వింటే ‘దోషల్’, వచ్చాడట. మన ‘అట’ విడిగా వచ్చి అతుక్కుంటుంది, వాళ్ళకు క్రియారూపమే మారుతుంది. నిజానికి మన సొంత పుట్టుక కూడా మనకు ‘అట’తోనే తెలుసు. ‘నేను పుట్టిన రోజు పెద్ద వాన అట’ అంటాం, అక్కడ ఉండి కూడా. ఈ కథకుడు తాత పుట్టుకనే ‘నేను పుట్టాను’ అంటున్నాడు. కాబట్టి అనువాదంలో మర దగ్గరి ఘట్టానికి ‘అట’ తగిలించనే కూడదని నా అభిప్రాయం. తగిలిస్తే మనవడు తిరిగి మనవడైపోతాడు.

వ్యాఖ్య: అన్నా, మా దిక్కు ‘నేనున్న’ అంటం, ‘మనమున్నం’ అంటం. మీ వాక్యం మా మాటల ‘నేనున్నం’ అయితది. ఒక్క సున్నా తేడా.

జవాబు: తమ్ముడూ, ఇది నాకు తట్టనే లేదు. మాకు ‘ను’ పోయి సున్నా రావాలి, మీకు ఉన్నదేదీ పోదు, చివర సున్నా వచ్చి చేరుతుంది. అతను చెప్పేదానికి ఇదే దగ్గర. ఆ మూడు పుట్టుకల వాక్యాలూ మీ మాటలో ఒకసారి రాసి ఇక్కడ పెట్టగలవా?