వేడి పార్సిల్ మీద అలర్జీ సంగతి ఎలా రాయాలి?

కావలిలో మాది చిన్న కర్రీ పాయింట్. గుత్తొంకాయ కూరలో, బీరకాయ పచ్చడిలో వేయించిన శెనక్కాయల పొడి వేస్తాం. పోయిన ఆదివారం గుత్తొంకాయ తిన్న పావుగంటకే ఒకాయనకు పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆస్పత్రిలో సూది వేశాక తగ్గింది.

అప్పటికే కౌంటర్ దగ్గర శెనక్కాయల సంగతి రాసిన బోర్డు పెట్టి మూడు వారాలు. ఎవరూ చదవరు, అందరి చూపూ రొయ్యల వేపుడు మీదే. రాత్రి 7 నుంచి 9 దాకా రద్దీలో కుర్రాడు అలర్జీ ఉందా అని అడగడం మర్చిపోతాడు. ఇప్పుడు కవర్ మీద కాగితం స్టిక్కర్ అంటిస్తుంటే, కూర వేడికి చెమ్మ పట్టి పది నిమిషాల్లో ఊడిపోతోంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలర్జీ జాబితాలో రొయ్యలు, గుడ్డు, పాలు, గోధుమ కూడా ఉన్నాయి, కానీ అన్నీ రాస్తే అసలుది కంటికి ఆనదు.

పార్సిల్ అమ్మేవాళ్లు చెప్పండి: వేడి కవర్ మీద ఊడిపోకుండా, కొనేవాళ్ల కంట పడేలా ఈ సంగతి మీరెలా తెలియజేస్తున్నారు?