సమస్యాపూరణం: తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!

నిర్వాహకుడు:
కొన్నాళ్ళుగా మన గుంపులో అన్నీ పాత సామాను కబుర్లే. ఒకరు హైదరాబాదు జుమ్మెరాత్ బజార్లో ఇత్తడి మరచెంబు పట్టారు. ఇంకొకరు అబిడ్స్‌లో ఆదివారం మూసిన షట్టర్ల ముందు పరిచే పుస్తకాల్లోంచి పాత చందమామలు ఏరుకొచ్చారు. అందుకే సమస్యను కూడా అక్కడి నుంచే తెచ్చాను. ఇది తేటగీతి (నాలుగు పాదాల చిన్న పద్యం) పాదం. దీన్ని చివర ఉంచి, పై మూడు పాదాలూ మీరు రాయాలి:

*తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!*

సరళాదేశాల (క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలుగా మారడం) కోసం పట్టుబట్టను, వాడుక మాటలు రానివ్వండి. గణాలు (పొట్టి, పొడుగు అక్షరాల లెక్క), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) మాత్రం తప్పకూడదు. తాతను ఎలా అమ్మారో చెప్పి ఊరుకుంటే సగం పూరణే. అంత చవగ్గా ఎందుకు పోయాడో కూడా పద్యంలో తేలాలి.

మరచెంబు:
నాదే మొదటి బోణీ.

కొత్త యిల్లని, గోడకు కుదరదనుచు
చట్రమునకు వెలను గట్టి, చదువుకున్న
మనుమలా పటము నొసగి మరలినారు;
తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!

ఇది కల్పన కాదండి. జుమ్మెరాత్ బజార్లో టేకు చట్రంలో తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన ఫొటో దొరికింది. "ఫొటో తీసేసి అద్దం బిగించి ఇస్తా" అన్నాడు కొట్టతను. వద్దని, పెద్దాయనతో సహా కొన్నాను. ఇప్పుడు మా హాల్లో ఉన్నారు. చుట్టాలొచ్చి "మీ తాతగారా?" అంటే ఔననేస్తున్నాను.

లఘువు-గురువు:
మరచెంబు గారూ, బాగుంది. బేరమంతా చట్రానికే జరిగిందనడంతో దమ్మిడీకి లెక్క సరిపోయింది. "చదువుకున్న" అనే చురక కూడా బాగా అంటింది. "గోడకు కుదరదు" అన్నచోట పాతకాలం వాళ్ళైతే "గోడకుఁ గుదరదు" అంటారు. యతికి ఎలాగూ ఇబ్బంది లేదు, అలాగే ఉండనివ్వండి.

కృష్ణాతీరం:
తాత అనగానే నాకు గాంధీ తాతే గుర్తొచ్చాడు.

బోసినవ్వుల బాపూజి బొమ్మ యున్న
బిళ్ల విలువను తెలియక, పెట్టె తోడ
నుత్తరాలను తూకాన నుంచిరయ్య;
తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!

1948 ఆగస్టు 15న గాంధీ బొమ్మతో నాలుగు తపాలా బిళ్లలు వచ్చాయి. వాటిలో పెద్దది పది రూపాయలది. బిళ్లలు సేకరించేవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుంటారు. పాత ట్రంకుపెట్టెలు కొనేటప్పుడు అడుగున ఉత్తరాల కట్ట ఉందేమో చూడండి. పెట్టె కంటే అదే ఎక్కువ చేయవచ్చు. ఒక్కమాట, కవరు మీది బిళ్లను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. ముద్రతో, చిరునామాతో కవరు కవరుగా ఉంటేనే దానికి కథ ఉంటుంది.

లఘువు-గురువు:
తూకానికి వేశారనడంతో సమస్య విడిపోయింది. కానీ మూడు పాదాల దాకా బాపు, నాలుగో పాదంలో తాత. వరస మారిపోయింది కదండీ! "బోసినవ్వుల గాంధీజి" అంటే గణం చెడదు, వరసా కుదురుతుంది.

కృష్ణాతీరం:
సవరించుకున్నాను. ధన్యవాదాలు.

పాతపాటలు:
అందరూ తాతను అమ్మేస్తున్నారు. నేను గ్రామఫోను ప్లేట్లమ్మే తాతను నమ్మాను.

గీత లెన్నున్న నీ ప్లేటు కేమి కాదు,
పాడుతుందని కోఠిలో పండు ముసలి
చెప్పగా, కొనిరందరు చిందులేసి,
తాత నమ్మిరి సంతలో, దమ్మిడీకి!

కొనిరి... దమ్మిడీకి అని అన్వయం. మధ్యలో "తాతను నమ్మిరి".

నిర్వాహకుడు:
భలే! ఈ విరుపు వస్తుందని నేనూ ఊహించలేదు. దూరాన్వయం (కలవాల్సిన మాటలు దూరంగా పడటం) కాస్త ఉంది, కానీ చదివేటప్పుడు "సంతలో" దగ్గర ఆగితే అర్థం తేలిపోతుంది.

లఘువు-గురువు:
కోఠిలో అన్నాక మళ్ళీ సంతలో ఎందుకండీ? "కోఠిలో" బదులు "కోరుచు" వేసుకోవచ్చు గానీ కోఠి పోతే పద్యంలో ఊరు పోతుంది. నా ఓటు కోఠికే.

మరచెంబు:
పద్యం సంగతి సరే, తాత మాట మీద నాకు అనుమానం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. గీతలుంటే బరబరమంటూనే పాడతాయి, అంతవరకు తాత నిజమే చెప్పాడు. సన్నని పగులు ఉంటే మాత్రం చుట్టుకోసారి టక్కుమంటుంది, ముల్లు కూడా పాడైపోతుంది. చెయ్యి జారిందా, అప్పడమే. కొనేముందు ప్లేటును వెలుతురుకు వాలుగా పట్టి చూడండి. ఉక్కు ముల్లును మాత్రం వైపుకొకటి చొప్పున మార్చాల్సిందే. ఒక వైపు మూడు నిమిషాల పాట, అంతే. ఆ మూడు నిమిషాల కోసం మా ఇంట్లో గొడవలు.

పాతపాటలు:
మా ఇంట్లోనూ అంతే అక్కా. "ఫోన్లో అదే పాట ఉందిగా" అంటారు. కీ తిప్పి, ముల్లు పెట్టి, ఆ గరగర విన్నాక పాట మొదలైతే ఉండే ఆనందం ఫోన్లో ఎక్కడిది?

కొత్తకలం:
పద్యం రాయడం నాకు కొత్త. తప్పులుంటే చెప్పండి.

ఆదివారము రోడ్డుపై నట్ట చినిగి
పడిన వేమన పద్యాల మొదటి పుటను
సంతకము చూచి యెగిరితి సంబరాన;
తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!

అబిడ్స్‌లో దొరికింది. పాత మద్రాసు అచ్చు, వావిళ్ల వారిది. లోపల సిరాతో మా తాతగారి సంతకం! ఎప్పుడో ఇల్లు సర్దినప్పుడు మావాళ్ళే తూకానికి వేసి ఉంటారు.

లఘువు-గురువు:
కొత్త అంటూనే గణాలన్నీ సరిగ్గా పడ్డాయి! ఒక్క రెండో పాదంలో యతి తప్పింది. "ప"కు "మొ" చెల్లదు. పు, బులకు ముతో యతి కుదురుతుంది గానీ అకారంతో ఉన్న "ప"కు ఆ సౌకర్యం లేదు. "పడిన వేమన పద్యాల పైపుటందు" అనండి, సరిపోతుంది. ఇంకో లోటు, ఎవరు అమ్మారో పద్యంలో లేదు. మీరు కింద రాసిన ముక్క చదివితేనే తెలుస్తోంది. "మావాళ్ళు" అనే మాట ఎక్కడో ఇరికిస్తే ఇంకా రక్తి కడుతుంది.

కృష్ణాతీరం:
లోటు ఉంటే ఉండనివ్వండి. అమ్మకాలన్నీ ఒక ఎత్తు, తన తాత సంతకం తనకే దొరకడం ఒక ఎత్తు. వావిళ్ల వారి ముద్రణశాల 1854 నాటిది. అక్కడి ప్రతి మళ్ళీ అదే ఇంటికి చేరిందంటే, ఎంతకు కొన్నారో చెప్పండి ముందు!

కొత్తకలం:
చెబితే మీరు ఏడుస్తారు. బేరం కూడా ఆడలేదు. ఎక్కడ ఆ సంబరం మొహంలో కనిపించి రేటు పెంచేస్తాడోనని టెన్షన్. పక్కనున్న ఇంజనీరింగు గైడు కూడా కలిపి తీసుకున్నాను, అనుమానం రాకుండా.

మరచెంబు:
ఇది అసలు సిసలు పాతసామాను విద్య! కావలసినదాన్ని చివరగా, నిర్లక్ష్యంగా అడగాలి.

గోదావరిగట్టు:
ఆలస్యంగా వచ్చాను. అందరూ దమ్మిడీ అంటే చవకే అనుకున్నారు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చాక అణాలు, కాణీలు, దమ్మిడీలు లెక్కలోంచి జారిపోయాయి. ఇప్పుడు ఆ నాణేలు బజార్లో ఏ ధర పలుకుతున్నాయో చూశారా? నా పూరణ:

నేటి సంతలో దమ్మిడీ నిండు నూరు
చెల్లు నాణెంబటంచును చెప్పిరయ్య;
తక్కువేమియు కాదయ్య తాత వెలయు;
తాత నమ్మిరి సంతలో దమ్మిడీకి!

నిర్వాహకుడు:
సమస్యను తల్లకిందులు చేశారు. దమ్మిడీని ఖరీదు చేసేశాక ఇక సమర్థనతో పనేముంది!

లఘువు-గురువు:
మంచి మలుపు. కానీ "చెల్లు" దగ్గర పట్టుకుంటాను. ఆ దమ్మిడీ ఇప్పుడు చెల్లనిది కాబట్టే కదా నూరు పలుకుతోంది! రెండో పాదం ఇలా మార్చి చూడండి: "పలుకు నాణెంబటంచును పలికిరయ్య". యతీ నిలుస్తుంది, పలుకు రెండుసార్లు పడి సొగసూ వస్తుంది.

గోదావరిగట్టు:
మార్చేశాను. ఇక ఇది మీ పద్యం కూడా.

నిర్వాహకుడు:
ఈసారి నా మొగ్గు మరచెంబు గారి చట్రం తాత వైపు. దమ్మిడీ ఎందుకన్నది పద్యంలోనే ఉంది, కింద వివరణ చదవకపోయినా నిలబడుతుంది. విరుపుకు పాతపాటలు గారికి ప్రత్యేక అభినందన. కొత్తకలం గారు సవరించిన పద్యం మళ్ళీ పెట్టండి, వీలైతే ఆ సంతకం ఫొటో కూడా. వచ్చే సమస్య మళ్ళీ తేటగీతే:

*మూగ రేడియో పాడెను ముద్దుగాను!*