సింక్ కింద లీకు: ఎపాక్సీ ముద్ద పెట్టాలా, విప్పి వాషర్ మార్చాలా?

గుంటూరు కోడలు
మూడు రోజులుగా సింక్ కింద గిన్నె పెడుతున్నాం. గిన్నెలు తోమేటప్పుడే కారుతోంది. ఎపాక్సీ ముద్ద, అదే కలిపి అంటిస్తే రాయిలా గట్టిపడే జిగురు ముద్ద, పెట్టేస్తే పావుగంట పని అంటున్నారు మామయ్యగారు. ప్లంబర్‌ని పిలుద్దామంటారు మా ఆయన. పిలిస్తే రేపు, ఎల్లుండి అంటున్నాడు. మేమే విప్పుకోవచ్చాండీ?

నిజాంపేట ఫ్లాట్
మామయ్యగారి మాటే నాదీను. మా ఇంట్లో ముద్ద పెట్టి రెండేళ్లయింది, చుక్క కారలేదు. పాత ప్లాస్టిక్ నట్టు తిప్పబోతే విరిగిందనుకోండి, ఆదివారం పూట వంటిల్లు మూసుకోవాలి. కదిలించకండి.

పనిముట్ల పెట్టె
ఫ్లాట్ గారూ, నేను ఒప్పుకోను. ముద్ద గట్టిపడ్డాక పైపు, కప్లింగ్ (సింక్ అడుగున జాలీతో ఉండి పైపు తగిలించే ముక్క) ఒకటే అయిపోతాయి. రేపు మెతుకులు అడ్డుపడితే విప్పే దారి ఉండదు. మా అమ్మ వాళ్లింట్లో అదే జరిగింది. చివరికి హాక్సా బ్లేడుతో కోయాల్సి వచ్చింది, కప్లింగూ పోయింది. పైగా నూనె జిడ్డు మీద ముద్ద అంటదు. ముడతల పైపు కాస్త కదిలితే చాలు, గట్టిపడిన ముద్ద పగులుతుంది.

అమ్మా, ముందు లీకు ఎక్కడో పట్టుకోండి. కింద పొడిగుడ్డతో తుడిచి పాత పేపరు పరవండి. సింక్‌కి మూత పెట్టి సగం నింపండి. నీళ్లు నిలిచి ఉండగానే పేపరు తడిస్తే జాలీ కప్లింగ్ సింక్‌కి కూర్చునే చోట తేడా. మూత తీశాక తడిస్తే కింది నట్టు వాషరో, పైపో.

ఇంకోమాట. మీరు గంజి సింక్‌లోకే వారుస్తారా? ఈ పైపుల ప్లాస్టిక్, అంటే పీవీసీ, 80 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడిపోతుంది. పొయ్యి మీంచి దింపిన గంజి అంతకంటే వేడిగా ఉంటుంది. రోజూ అలా పడితే పైపు మూతి సాగి నట్టులో వదులవుతుంది. వాషర్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ అదే కథ. ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

నిజాంపేట ఫ్లాట్
గంజి సంగతి నిజమే, ఆలోచించలేదు. కానీ నట్టు బిగుసుకుపోతే ఆడవాళ్లు ఒక్కరే ఏం చేస్తారండీ?

పనిముట్ల పెట్టె
ఆడా మగా తేడా ఏముందండీ అందులో? కింద బకెట్ పెట్టి, పొడిగుడ్డ చుట్టి చేత్తోనే తిప్పాలి. బిగించేటప్పుడూ అంతే. ప్లాస్టిక్ నట్టుకి రెంచి వేసి బలమంతా పెడితే చీలుతుంది. చేతికి ససేమిరా లొంగకపోతే అప్పుడు ప్లంబరే. కప్లింగ్ సింక్ నుంచి ఊడొస్తున్నా అంతే.

గుంటూరు కోడలు
పేపరు పెట్టి చూశాం. మూత తీయగానే నట్టు కింద తడిసింది. మామయ్యగారే విప్పారు. వాషర్ రబ్బరులా లేదు, బిళ్లలా గట్టిపడింది. పైపు మూతి ఒకవైపు కోలగా సాగి ఉంది. పాత పైపు కొట్టుకి పట్టుకెళ్లి అదే సైజు కొత్తది, వాషర్‌తో సహా తెచ్చాం. రాత్రి గిన్నెలన్నీ తోమాక కూడా పేపరు పొడిగానే ఉంది. గంజి ఇప్పుడు స్టీలు గిన్నెలోకి వార్చి చల్లార్చుతున్నాను.